ఏ దిక్కు

మా మామ్మ దాలమ్మ రంగం నుంచి నడిచొచ్చింది.
బారువ రేవులో ఓడెక్కి పోయిన పిల్ల
కొండలు తొక్కుకుంటూ తిరిగొచ్చింది, పదిహేనేళ్ళకి.

ఏం తెచ్చావే అంటే లక్కపెట్టె చూపించేది,
మూత లేనిది, అందులో పోకచెక్కలు.
దారి గురించి అడిగితే
చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెప్పేది,
ఉప్పు లేని గంజి రుచి చెప్పేది.
ఒక్క ఏటి దగ్గర మాత్రం మాట ఆగిపోయేది.

ఒకేఒక్కసారి, పండుగప్ప పొలుసు గీరుతూ,
"పడవోడు కూలడిగినాడే గుంటా.
మా అయ్య కాడ డబ్బులైపోనాయి" అంది.
అంతే.
మళ్ళీ గీరింది. చాలాసేపు గీరింది.
చేప మీద పొలుసు ఎప్పుడో అయిపోయింది.

సర్కారు కాగితంలో ఆమెను కాందిశీకురాలు అని రాశారు.
ఆ మాటకి అర్థం బళ్ళో మాస్టారు చెప్పారు:
ఏ దిక్కుకి పోను, అని అడిగే మనిషి.
మనకి దిక్కంటే తూర్పూ పడమరే కాదు కదా,
మనిషి కూడా.

తుఫాను దాటిన మూడోనాడు
బడిలో పెట్టిన శిబిరంలో, నల్లబల్ల కింద,
జ్వరం మాత్రలు పంచుతున్నాను.
లోలాక్షి వచ్చి నిలబడింది.
పలాసలో జీడిపిక్కలు ఒలిచే పిల్ల, జీడి తిన్న వేళ్ళు,
ఇంటి మీద కొబ్బరిచెట్టు పడితే ఇక్కడికొచ్చింది.
"కడుపు నొప్పి" అంది.
చీర కొత్తది. ఎవరిచ్చారని అడగలేదు.
పాతదేమైందని అడిగాను.

కరెంటు లేని రాత్రి.
టార్పాలిన్ల జాబితా చేతిలో ఉన్నవాడు.
బడి వెనక, నీళ్ళ ట్యాంకరు దగ్గర.
మిగతాది చెప్పడానికి ఆమెకి పట్టినంతసేపూ
నేను మొహంలోకి చూడలేదు.
సర్దిన మాత్రల అట్టలే మళ్ళీ సర్దాను.

పొద్దుగూకే లోపే పెద్దమనుషులొచ్చారు.
ఇంత కష్టంలో ఇదేటమ్మా, అన్నారు.
రెండు టార్పాలిన్లు, బియ్యం బస్తా, ఊరి పరువు
ఒకే తక్కెట్లో పెట్టారు.
పడవ కూలి ఇంకా నడుస్తోందన్నమాట.

నేను చేసింది గొప్పేం కాదు.
డెబ్బై రెండు గంటల్లో పన్నెండు మిగిలున్నాయి.
గోనెసంచిలో దాచిన పాత చీర తీయించి
కాగితం సంచిలో పెట్టాను, ప్లాస్టిక్‌లో బూజు పడుతుందని.
ఆడ కానిస్టేబుల్‌ కావాలని సోంపేటకి మూడుసార్లు ఫోను.
వంటమనిషి కొర్లమ్మ గరిటె పట్టుకుని
గుమ్మానికి అడ్డంగా కూచుంది,
ఎవరూ చెప్పకుండానే.

శ్రీకాకుళం పెద్దాసుపత్రికి ఆఖరి బస్సు.
పడిపోయిన తోటల మధ్య, చెట్లు కోసి దారి తీసిన చోటల్లా
ఆగుతూ కదిలింది.
ఏ తోట ఎవరిదో చెబుతూ వచ్చింది కాసేపు.
టెక్కలి దాటాక,
"ఆల్లు కూడా మల్లీ అదే అడుగుతారా?"
అడుగుతారు, అన్నాను. అబద్ధం నోటికి రాలేదు.
"మరి నువ్వుంటావా?"

అప్పుడే జనం ఎక్కారు. బస్సు నిండిపోతోంది.
కిటికీ దగ్గరున్న నన్ను మోచేత్తో పొడిచి
"నువ్వు అటేపు కూకో అప్పా" అంది.

లేచి, నడవ వైపు కూచున్నాను.