కుడి నుంచి ఎడమకి

అక్క మస్కట్ వెళ్ళిన రోజు
నేను నూట పదకొండో పేజీలో ఉన్నాను.

జపాన్ బొమ్మల కథ. అట్ట ఊడిపోయింది.
భీమవరంలో పాత పుస్తకాల బండి మీద నలభై రూపాయలు.
అందులో ఒక కుర్రోడు, నా ఈడే,
వానలో నల్ల చొక్కా తొడుక్కుని నిలబడి ఉంటాడు.
చొక్కా అంచు పట్టుకుని ఒక పిల్ల.
తర్వాతి గడిలో ఇద్దరూ నడిచిపోతుంటారు.
ఎవరు అడిగారో, ఎవరు ఒప్పుకున్నారో
గీసినాయన గియ్యలేదు.

మాకూ అంతే.
నరసాపురం స్టేషన్లో అక్క సూట్‌కేసు ఎక్కించి తిరిగి చూస్తే
కెజియా నా చొక్కా పట్టుకుని ఉంది.
నాలుగేళ్ళు. ముక్కు కారుతోంది.
"మావయ్యా, రైలు ఎనక్కెళ్తందేంటి?"
మాది పట్టాల చివరి ఊరమ్మా,
ఇక్కడికొచ్చిన రైలేదైనా వెనక్కే పోవాలి.

అమ్మకి రొయ్యల షెడ్డు.
తెల్లారకుండానే వ్యాను హారన్ కొడుతుంది.
రాత్రికి వేళ్ళు తెల్లగా నానిపోయి వస్తుంది.
ఆ చేతులు తగిలితే చల్లగా ఉన్నాయని పిల్ల ఏడుస్తుంది.
అందుకని స్నానం నాది, అన్నం నాది,
అంగన్‌వాడీలో దించడం నాది,
ఎవర్ని కొరికిందో విని తల దించుకోవడం నాది.

పుస్తకంలో కుర్రోడు మొదటి రోజు అన్నం మాడుస్తాడు,
పదో రోజుకి డబ్బాలో అన్నాన్ని కుందేలులా పేర్చేస్తాడు.
నాకు నెలయినా పాపిడి తిన్నగా రాలేదు.
పుస్తకంలో పిల్లకి పేలుండవు.
పెద్ద పెద్ద కళ్ళుంటాయి, వాటిలో మెరుపులుంటాయి,
దొడ్డికెళ్ళి "కడుగు మావయ్యా" అని కేకెయ్యదు,
అదీ సరిగ్గా
నా క్లాసు కుర్రాళ్ళు రోడ్డు మీద పోతున్నప్పుడు.

ఒక రాత్రి జ్వరం.
మాది సఖినేటిపల్లి, ఆఖరి పంటు వెళ్ళిపోయింది,
ఆసుపత్రి దీపాలు అవతలి గట్టున.
ఏటికి పోటొచ్చి నీళ్ళు మెట్లు నాకుతున్నాయి.
ఆరెంపీ తలుపు కొట్టి, తిట్లు తిని, సిరప్పు తెచ్చి,
తడిగుడ్డ మార్చి, మార్చి.
ఇలాంటి రాత్రిని ఆ జపానాయన
ఒక్క నల్ల గడిలో అవగొట్టేస్తాడు.
మా గడి తెల్లారేదాకా ఉంది.
మధ్యలో ఒకసారి, కోపం కాదు, ఏదో,
అక్కని తిట్టాను. గట్టిగా కాదు.

మేడమ్ పడుకున్నాక అక్క ఇమోలో మోగిస్తుంది.
అక్కడ గంటన్నర వెనక.
"తిందా?"
"తింది."
"జొరం గట్రా ఏం లేదు కదా?"
"లేదు."
అక్క వెనకాల ఎవరిదో పెద్ద వంటిల్లు, తెల్లటి గచ్చు.
కెజియా ఫోనుకి చెవి చూపిస్తుంది,
కొత్త దుద్దులు. రూపాయి షాపులోవి.

మొన్న నా పుస్తకం లాక్కుని ఎడమ నుంచి తిప్పింది.
"అలా కాదే, ఇది కుడి నుంచి చదవాలి."
"ఏం?"
"వాళ్ళ రాత అలాగే."
కాసేపు నోట్లో వేలు. మళ్ళీ తిప్పింది, కుడి నుంచి.

ఫిజిక్స్ మోడల్ పేపర్ల వెనక తెల్లగా ఉంటుంది.
దానిమీద గళ్ళు గీశాను ఆమె కోసం.
మన అరుగు మీద అమ్మ.
రైల్లో అమ్మ.
విమానం కిటికీలో అమ్మ, బొట్టు బిళ్ళంత.
చివర, తెల్లటి గచ్చు మీద గిన్నెలు తోముతూ అమ్మ.
తెలుగులోనే గీశాను, ఎడమ నుంచి.

తను కుడి నుంచి మొదలెట్టింది.
వేలు పెట్టి, ఒక్కో గడీ:
గిన్నెలయిపోయినై.
ఇమానం ఎక్కేసింది.
రైలెక్కేసింది.
"మావయ్యా, అరుగు మీదుంది అమ్మ!"
లేచి వెళ్ళి అరుగు చూసొచ్చింది.
ఎవరూ లేరు. ఏడవలేదు.
"ఇంకా ఆ గడి రాలేదు" అంది
నా మోకాలి మీద తల పెట్టి.

అగ్రిమెంటు రెండేళ్ళు. నేను చెప్పలేదు.

నూట పదకొండో పేజీలో గుర్తుకి ఇప్పుడు పేల దువ్వెన.
ఆ ఇద్దరూ ఏమయ్యారో పరీక్షలయ్యాక చూడాలి.
వ్యాను హారన్.
అమ్మ లేచింది. పిల్ల లేవకుండా
మోకాలు ఎలా లాక్కోవాలో
ఏ గడిలోనూ లేదు.