నూగు

తెర్లాం దగ్గర తూము పూడిందని ఫోను.
వెళ్తే నీళ్లు లేవు, గడ్డి ఉంది,
నడుమెత్తు, పచ్చగా, దర్జాగా.
ఊదేమో అనుకుని
భూతద్దం తీశాను.

"ఆకు సూస్తే ఏటి తెలస్తాది బావూ,
కణుపు తడుము" అంది దాలమ్మ
బురదలోంచి.

తడిమాను.
మూడ్రోజులు గీయని గడ్డంలా
తెల్లని నూగు.
కణుపు కణుపుకీ తడి వేళ్లు.
తెగిన తుంపు కూడా
మట్టి కోసం తడుముకుంటోంది.

"పాలిస్తాదని మా మావే తెచ్చి నాటినాడు.
గేద పోయి పన్నెండేళ్లు.
మావ పోయి తొమ్మిది."
కొడవలి ఆపలేదు.

పేరు: పారాగడ్డి.
స్వస్థలం: ఆఫ్రికా.
తెచ్చినవారు అన్న గడి
ఫారంలో లేదు.

రాజాంలో బండి దిగి చూసుకుంటే
చెప్పు అంచుకి
ఒక కణుపు,
ఇంకా తడిగా.