ఎవరిది?

నా పని చూడటం.
ఉత్తర బొహీమియా కొండల కింద, ఈ గాజు కార్ఖానాలో
ఇరవై రెండేళ్లుగా ఒకే దీపం ముందు కూర్చుని
ప్రతి గ్లాసునీ వేళ్ల మధ్య తిప్పుతాను.
బాగున్నది ఎడమకి, పనికిరానిది కుడికి.

గాజు అబద్ధమాడదు.
బొహుమీర్ రాత్రి నిద్రపోలేదంటే
అంచు వెంట్రుకవాసి మందంగా వస్తుంది.
రాడ్కాకి ప్రేమ కుదిరిన వారం
కాడలన్నీ కొంచెం పొడుగు.
ఊదేది ఊపిరే కదా,
మనసులో ఉన్నది గొట్టంలోకి దిగక ఎక్కడికి పోతుంది?

పాత యజమానురాలు హెడ్వికా
నోటి దురుసు మనిషి. జీతం ఆలస్యమైన నెలలూ ఉన్నాయి,
దేవతని నేను చెప్పను.
కానీ కొలిమి దగ్గర ఏదైనా భళ్లుమంటే
మెట్ల మీంచే అరిచేది:
"చెయ్యి తెగిందా?"
తెగకపోతే తిట్టేది.
తెగితే కట్టు కట్టి తిట్టేది.

ఆవిడ మోకాళ్లు అరిగాక జ్బినెక్ వచ్చాడు.
మర్యాదస్తుడు. గొంతు పెంచడు.
ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న నోటుపుస్తకం.
మొదటి వారమే ఏదో పగిలింది.
మెట్లు దిగొచ్చి, ముక్కలకేసి చూసి
మెత్తగా అడిగాడు:
"ఎవరిది?"

మర్నాడు గోడకి ఒక పలక.
పేర్లు, పేర్ల పక్కన గీతలు,
నాలుగు గీతలకి ఒక అడ్డగీత,
అడ్డగీతకి జీతంలో కోత.

ఆ తర్వాత జరిగిందంతా నా దీపం ముందుకే వచ్చింది.
తొందరగా ముంచి తీస్తే గాజులో గాలి చిక్కుతుంది.
ఆవగింజంత బుడగలు. పొట్టి కాడలు.
బొహుమీర్ ఈల మానేశాడు
(ఆ ఈల ఎవరికీ నచ్చేది కాదు, అయినా).
భోజనాల బల్ల దగ్గర మాటలు తగ్గి
చెంచాల చప్పుడు పెరిగింది.
పక్కవాడి గొట్టం జారితే పట్టుకోబోయిన చెయ్యి
ఒక్క క్షణం ఆగి
పలక వైపు చూసేది.

వెండెలీన్‌కి పదిహేడేళ్లు, పని నేర్చుకుంటున్న కుర్రాడు.
ఓ సాయంత్రం ప్యాంటు జేబు దగ్గర ఎర్రటి తడి.
ఏమిట్రా అంటే పలకడు.
జేబు తిరగేస్తే గాజు ముక్కలు,
వేడి ఆరకముందే దాచుకున్నవి.
తొడ కాలింది, తెగింది.
పేరు పక్కన మాత్రం గీత లేదు.

ఆ రాత్రి నుంచి నేనూ దొంగనయ్యాను.
కుడికి పోవాల్సినవి ఎడమకి జరిపాను.
పలక శుభ్రంగా ఉందని మురిసి
జ్బినెక్ అందరికీ కేకు తెప్పించాడు.
ఎవరూ రెండో ముక్క తీసుకోలేదు.

ఆరు వారాలకి లైప్‌జిగ్ నుంచి
పన్నెండు పెట్టెలు తిరిగొచ్చాయి.
మమ్మల్ని వరసగా నిలబెట్టి
ఒక్కో గ్లాసూ దీపానికెత్తి
"ఇదెవరిది? ఇది?"
గొంతు అప్పుడూ పెరగలేదు.
"నాది" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.
మింగాను. ఇప్పటికీ అరగలేదది.

నాలుగో పెట్టె అడుగున ఏదో పగిలి ఉంది.
చెయ్యి పెట్టాడు, చటుక్కున లాగాడు.
ఇస్త్రీ మడత మీద ఒక చుక్క, ఇంకో చుక్క.

వరస చివరి నుంచి బొహుమీర్,
ఆలోచించకుండా, పాత అలవాటు కొద్దీ:
"చెయ్యి తెగిందా?"

జ్బినెక్ వేలు నోట్లో పెట్టుకుని నిలబడిపోయాడు,
హాజరు పిలుపులో తన పేరు పోల్చుకోలేని పిల్లాడిలా.
"కొంచెం," అన్నాడు చివరికి.
కట్టు తెచ్చింది వెండెలీనే.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.
పలక ఇంకా గోడ మీదే ఉంది. కోతలూ ఉన్నాయి.
నిన్న మధ్యాహ్నం రాడ్కా చేతిలోది జారి
భళ్లుమంది.
అందరం మెట్ల వైపు చెవులు పెట్టాం,
రెండు ప్రశ్నల్లో ఏది దిగొస్తుందా అని.
అడుగులు మూడు మెట్లు దిగి
ఆగాయి.
చాలాసేపు కొలిమి హోరు ఒక్కటే.
తర్వాత ఏమీ అడక్కుండానే
పైకి వెళ్లిపోయాయి.

ఆ గంటలో ఊదిన గ్లాసులు ఇవాళ నా ముందున్నాయి.
తిప్పి తిప్పి చూస్తున్నాను.
ఒక కాడ,
కచ్చితంగా చెప్పలేను, కొలబద్ద తేవాలి,
కొంచెం పొడుగుందేమో.