సున్నం తిన్న వేలు

నీళ్ళు పోవడానికి నాలుగు నెలలు పట్టింది.
పోయాక చూస్తే ఇల్లు లేదు,
ఇల్లున్న చోట కాస్త ఎత్తుగా బురద,
అందులో ఒక పొయ్యిరాయి, ఒక గొళ్ళెం.
గొళ్ళెం కొంగున ముడేసుకున్నాను,
తలుపు ఎప్పటికైనా రాకపోతుందా అని.

సింధు కరకట్ట మీద నులకమంచం నిలబెట్టి
పైన రల్లీ బొంత కప్పి
దాన్నే ఇల్లనుకున్నాం ఒక చలికాలమంతా.
గేదె బయట, మేం లోపల,
మధ్యలో బొంతకున్న చిల్లు.

అప్పుడొచ్చాడు, నేల కొలిచే కుర్రాడు.
"ఇల్లు ఆడమనిషి పేరునే" అన్నాడు.
మిస్రీ గడ్డం గోక్కున్నాడు.
చాలాసేపు గోక్కుని, "సరే, సభాగీ అని రాయి" అన్నాడు.

డబ్బు మూడు విడతలు:
పునాదికి, గోడలకి, కప్పుకి.
విడత విడతకీ నా బొటనవేలు.

ఊళ్ళో నిలబడ్డది బడి గోడ ఒక్కటే.
దాని మీద నీటిగీత నాకు తొడ సగానికి.
పునాది అంతకన్నా జానెడు పైకి లేవాలట.
లేపాం.
రాతిసున్నం గుంటలో పోసి నీళ్ళు కొడితే కుతకుతలాడింది.
నాలుగు నెలలు చప్పుడు లేకుండా పడుకున్న నీళ్ళు
ఇంత కోపం ఎక్కడ దాచుకున్నాయో!
మట్టి, సున్నం, గడ్డి, చేత్తోనే కలిపాం.
చేతులు ముందు తెల్లబడ్డాయి, తర్వాత పగిలాయి,
తర్వాత నున్నబడ్డాయి.

రెండో విడతకి దుకాణంలో మిషను మీద వేలు పెట్టాను.
ఎర్రదీపం.
కొంగుతో తుడిచి పెట్టాను.
ఎర్రదీపం.
"అమ్మా, నీ వేలు నిన్నెరగదు" అన్నాడు దుకాణంవాడు.
ఇల్లు కట్టీ కట్టీ
ఇల్లెవరిదో చెప్పే గీతలే అరగదీసుకున్నాను.

జైనాం నా చేతిలోంచి తాపీ లాక్కుంది.
"పక్షం రోజులు సున్నం ముట్టావో, చెయ్యి విరుస్తాను."
తన గోడ నడుమెత్తున ఆపి నా గోడ ఎత్తింది.
నేనేమో వేలికి వెన్న రాసుకుని
దొరసానిలా మంచం మీద,
వాళ్ళ పిల్లల్ని ఒళ్ళో వేసుకుని.
ఆ వెన్న కూడా జైనాందే.

లెక్క చూస్తే గీతలు పోయినవాళ్ళం తొమ్మండుగురం.
వంతులు వేసుకున్నాం:
ఒక పక్షం వెన్న, ఒక పక్షం సున్నం.
మగవాళ్ళు నవ్వారు. వెదురు మోయమంటే మానేశారు.

ఇరవయ్యో రోజున పచ్చదీపం.

కప్పు విడత ఇంకా రాలేదు.
గొళ్ళెం కొత్త తలుపుకి అరంగుళం పొట్టి.
గుమ్మం పక్కన గోడ పచ్చిగా ఉన్నప్పుడు
జైనాం బొటనవేలు పడింది, అప్పటికింకా గీతలున్న వేలు.
ఎండి, రాయై, అలాగే ఉంది.
మిషను తెచ్చి అడిగితే
ఈ ఇల్లు ఆవిడదే అంటుంది.
అననీ.