ఉప్పుగాలి కొలత

డాబాగార్డెన్స్ కొట్టులో సూరపనాయుడు
మూడు నల్ల చుట్టలు బల్ల మీద పడేశాడు.
"అన్నీ ఫోమేనమ్మా, రేటే తేడా."

బొటనవేలితో నొక్కాను.
మొదటిది నొక్కిన చోటే పడుకుండిపోయింది.
రెండోదాని ముక్క టీ గ్లాసు నీళ్లలో వేస్తే
ఎండలో నడిచొచ్చినదానిలా తాగేసింది.
మూడోది తేలింది. నొక్కి వదిలితే
నిమ్మళంగా లేచి కూర్చుంది.
అదే కొయ్యమన్నాను, ఆరు మీటర్లు.

ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ప్లాంటు ప్యానెల్‌కి ఇది.
అక్కడి గాలికి ఇనుమంటే ఆకలి.
పోయినేడు రాగి తీగల మీద పచ్చని చిలుము,
రాత్రంతా ఆగిన కంప్రెసర్,
తెల్లారేసరికి ఎర్రమ్మ నాలుగు బుట్టల కోనాం
పిల్లులు కూడా ముట్టలేదు.

అప్పుడు మందం ఎక్కువైతే మంచిదనుకున్నాను.
తలుపు మూతపడక, మడతబందులు వాలి,
పై మూల నోరు తెరిచింది.

ఈసారి తుప్పు గీకి, స్పిరిట్‌తో తుడిచి,
సాగదీయకుండా అంటించాను.
అతుకు కింది అంచుకి.
జేబులోని గాజువాక బస్సు టికెట్టు
తలుపు సందులో పెట్టి, మూసి, లాగాను.

మూడు వైపులా కదల్లేదు.
గొళ్లెం పక్కన మాత్రం
కొంచెం, ఇంకొంచెం, జారి చేతికొచ్చింది.

సముద్రం అటువైపే.