నది కొస

నేను ఆడను. నది కొస పట్టుకుంటాను.
ఎడమ పక్క తెర వెనక నేను,
కుడి పక్క దర్జీ మాలకొండయ్య.
మధ్యలో పదహారు గజాల నీలం గుడ్డ.
చీరాలలో తానుగా కొని, కందుకూరులో అంచు కుట్టించి
ఏడేళ్లుగా దాన్ని పెన్న అంటున్నాం.

మోకాలు జారక ముందు పెన్నను నేనే.
ఇప్పుడు నౌషీన్. ఇంటరు పరీక్షలు రాసి కూర్చున్న పిల్ల.
వాళ్ల నాయనది సింగరాయకొండలో పంక్చర్ల కొట్టు.
కొండలోంచి పుట్టేటప్పుడు ఆ పిల్ల మెడ తిప్పే తీరు
నాకెన్నడూ రాలేదు.
ఒప్పుకోడానికి రెండేళ్లు పట్టింది.

నెల్లూరు టౌన్ హాల్లో వేసవి నృత్యోత్సవాలు, ఆరో రోజు.
రోహిణి ఎండకు రోళ్ల సంగతేమో గానీ
పిల్లల మొహాల మీద రంగు పగిలింది.
విజయవాడ వాళ్లకి ఏసీ గది,
మాకు సైకిల్ స్టాండు పక్క వరండా.
ఎనిమిదికన్నారు, తొమ్మిదిన్నర దాటాక పిలిచారు.
"గమ్మునుండండి, పెరుగన్నం ఆట అయినాకే"
అంది సుగుణావతి టీచరు.

గుడ్డ కింద ఆరు చేపలు.
సోమశిల మలుపులో, మూడో ఆవర్తనానికి
మొప్పలూపుకుంటూ బయటికి రావాలి.
అయిదే వచ్చాయి.
ఆరోది, రెండో తరగతి ప్రసాదు,
నది అడుగున కూలరు గాలికి నిద్రపోయింది.

నడి ఏట్లో ఒక గుట్ట.
నేను లాగాను. నాకేదో కోపమొచ్చిందనుకుని
మాలకొండయ్య అటు లాగాడు.
నీళ్లు లేచి పడ్డాయి. గుట్ట కదల్లేదు.
పెన్ డ్రైవులో జతి ఎవరి కోసమూ ఆగదు.

నౌషీన్ చూసింది.
ఒక్క అడుగు తప్పలేదు. ఎడమకి తిరిగి,
ఇసక మేటను తాకిన నీరులా రెండుగా చీలినట్టు చేతులు విప్పి,
మళ్లీ కలిసి,
వంగి, ఆ గుట్ట మీద ఒక్క క్షణం అరచెయ్యి ఆనించి
ఊటుకూరు దగ్గర సముద్రంలోకి వెళ్లిపోయింది.
ఏడేళ్లలో మా నదికి దీవి లేదు.

ముఖ్య అతిథి రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు.
మైకు పట్టుకుని ముందు నీళ్లు తాగాడు.
"ముప్ఫయ్యేళ్లు ఆ ఏటి మీద కొలతలు తీశానమ్మా,
ఆ దీవి... ఆ దీవి భావం నాకెప్పుడూ తట్టలేదు."
చప్పట్లు. శాలువా.
టీచరు నా వైపు చూసింది. నేను తెర తాడు వైపు చూశాను.
ప్రసాదు తోక సర్దుకుంటూ
"అక్కా, మన ఆట ఎప్పుడు?" అన్నాడు.

పన్నెండు దాటాక మినీ బస్సు పెన్న వంతెనెక్కింది.
నౌషీన్ కిటికీలోంచి తల పెట్టి
"యాడుంది అన్నా, ఏరు?" అంది.
"కిందనే. బాగా చూడు" అన్నాడు మాలకొండయ్య, చూడకుండానే.
వెన్నెల్లో ఇసక, తుమ్మ కంప,
ఎవరో వదిలేసిన ట్రాక్టరు తొట్టి.
అన్నీ దీవులే.
పొద్దుటి నుంచీ రెండుసార్లు ఈ వంతెన దాటాం,
ఒక్కరం కూడా ఇది మన కథే అనుకోలేదు.

ప్రసాదు మళ్లీ పడుకున్నాడు, నా ఒళ్లో, మొప్పలతోనే.
నీలం గుడ్డ మడత పెడుతుంటే
మధ్యలో, దోసిలంత మేర, చేతికి తడి తగిలింది.
వాడి చొంగ.
ఆ రాత్రి పెన్నలో నాకు దొరికిన నీళ్లు అంతే.

రేపు ఉతకాలి.
ఎల్లుండి ఒంగోలులో ఇదే ఆట.
దీవి ఉంచాలా వద్దా అని
టీచరు ఇంకా తేల్చలేదు.