ముక్కు కాపలా

సిరోంచలో మే నెల.
పొద్దున తొమ్మిదికే ప్రాణహిత ఇసుక
అరికాలిని పేరు పెట్టి పిలుస్తుంది.

ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర
జాడి రాజలింగు, మాజీ హవల్దారు,
గడ్డలకు ఊకపొట్టు కప్పుతుంటాడు.
ఎడమ చేతి చివరి రెండు వేళ్లు
గోళ్ల దాకా రాకుండానే ఆగిపోయాయి.
"బాకీ కింద పోయినయ్" అంటాడు.
ఎవరి బాకీ అని మూడేళ్లు నేను అడగలేదు.

నాది చేపల పని.
బొచ్చె, వాలుగ, అప్పుడప్పుడు కొర్రమీను.
మంచిర్యాల రైలు దాకా
నా పరువు మోసేది అతడి ఐసే.

ఆ రోజు కరెంటు పోయింది.
గడ్డలు ఒక్కో చుక్కా లెక్కపెట్టుకుంటూ కరుగుతున్నాయి.
చేసేదేం లేక అతడు మాట విప్పాడు.

"ఉత్తరాన ఒక దేశం.
మధ్యాహ్నం పొద్దు కొండ మీంచి తొంగిచూసి
అప్పులోడు కనబడ్డట్టు మళ్ల దాక్కుంటది.
నాలుగు దేశాల ఫౌజు కలిసి కసరత్తు.
మన దిక్కు నుంచి పన్నెండు మందిమి."

శత్రువు ఎవరన్నాను.

"సగం మందిమి జబ్బకు ఎర్రగుడ్డ కట్టుకున్నం.
మర్నాడు గుడ్డలు మార్చుకున్నం.
మంచుకు రంగులు తెల్వయి.

జతలు కట్టిండ్రు. నా జతగాడు హాకొన్.
వాని ఊపిరి వాని గడ్డానికే గడ్డకట్టి వేలాడేది.
ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు ఇద్దరిదీ కుంటిదే.
పని ఒక్కటే:
పది నిమిషాలకోసారి ఎదుటోని ముక్కు చూడాలె,
తెల్లబడితే చెప్పాలె.
ఎవని ముక్కు వానికి కనపడదు గదా.
మొదలు నొప్పి. ఆ తర్వాత ఏముండదు.
ఆ ఏం లేకపోవుడే భయం.
హాకొన్ తొడుగు తీసి
అరచెయ్యి నా మొఖానికి ఆనించేటోడు.
మా అయ్య కూడా అట్ల ముట్టుకోలే నన్ను.

ఇంకోటి చెప్పిండు, చెమట పట్టనియ్యకు.
నడిచినంత సేపు బాగనే ఉంటది,
ఆగినంక అంగి లోపలనే గడ్డకట్టి చంపుతది.
నేను సిరోంచోణ్ని!
చెమట అమ్ముకొని బువ్వ తిన్నోణ్ని.
దాచుకొమ్మంటే ఎట్ల?
తుపాకి కూడ గుడారం బయటనే పడుకునేది.
లోపలికి తెస్తే దానికీ చెమట,
తెల్లారి పేలది.

రాత్రి కాపలా సరిహద్దుకు కాదు, పొయ్యికి.
అందరు పండుకుంటే ఒక్కడు మంటను చూడాలె.
పాడుపొగ నిద్రలనే ప్రాణం తీస్తది.
అన్ని ఫిరంగులు, అన్ని జెండాలు,
ఆఖరికి పదిమంది బతుకు
ఒక్కని కంటిరెప్ప మీద."

మరి వేళ్లు?

చాలాసేపు ఊకను చదును చేశాడు.

"అవి అక్కడ కాదు.
తర్వాత మన కొండల మీద.
ఆనాడు నా జతగాడు కింద ఆస్పత్రిల ఉండె.
ముక్కంటే కనపడది,
చేతులు నావే గదా, నేను చూసుకుంట అనుకున్న.
చూసుకోలే."

ఇంకేదో అనబోయి లేచాడు.
లారీ నీడలో సడవలి కూర్చుని ఉన్నాడు,
పదహారేళ్ల వాడు, గడ్డలు మోసే కుర్రాడు.
ఇందాకటి దాకా పాట కూనిరాగం తీసినవాడే.
రాజలింగు వాడి మెడ మీద
మూడు వేళ్ల చెయ్యి పెట్టాడు.
"పొడిగుంది."
అంతే, వాణ్ని ఎత్తి
ఊకలో పడేసి
చంకల్లో ఐసు ముక్కలు, నెత్తిన తడి గోనె.
"ఆడ పడితే సావు,
ఈడ ఆగితే సావు.
నీళ్లు తేవయ్యా, నిలబడి చూస్తవేంది!"
నా చేపల కోసం ఉంచిన గడ్డనే పగలగొట్టాడు.

చాలాసేపటికి వాడి నుదుట
ఒక్క చుక్క మెరిసింది.
కళ్లు తెరుస్తూనే
సగం రోజు కూలి కోస్తరా అని అడిగాడు.

నా పెట్టెలు ఆ రాత్రి రైలుకు అందలేదు.
సగం పారబోశాను.

కాళేశ్వరం బస్సు వంతెన ఎక్కింది.
కింద నది పక్కటెముకలు బయటపెట్టి పడుకుంది.
పక్కన ఎవరో ముసలాయన, తలపాగా, ఒళ్లో మేకపిల్ల.
అతడి ముక్కు వైపు చూశాను.
కొన మీద చెమట.
మళ్లీ చూశాను.

"ఏంది పిలగా, ఏమైంది?" అన్నాడు
ముక్కు తుడుచుకుంటూ.